‘ఫర్ ఎలీస్’ మొదటి పేజీ దగ్గరే ఆగిపోతే

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర. మూడేళ్లుగా చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాను. కార్డ్స్ (కలిపి మోగించే నోట్ల గుంపులు) బాగా వచ్చు, స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య సంగీత లిపి) మెల్లగా చదువుతాను. ఉన్నది 61 కీల కీబోర్డు. బీతోవెన్ పియానో రచన ‘ఫర్ ఎలీస్’ మొదటి పేజీ చేతికి వచ్చేసింది. ఆ తరువాతి భాగం మాత్రం ఆరు నెలలుగా కదలడం లేదు. లోపం కీబోర్డుదా, నాదా? మొత్తం రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు: లోపం కొంత కీబోర్డుది. ఎక్కువ మాత్రం మీరు నేర్చుకున్న వరసది. రోజూ ముప్పావుగంట కూర్చోగలిగితే మూడు నుంచి నాలుగు నెలల్లో చివరిదాకా వస్తుందండి. అయితే వచ్చేసింది అనుకుంటున్న మొదటి పేజీని ముందు కాస్త విప్పాలి. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

ఈ రచన అమరిక చూడండి. మొదటి పేజీలో ఉన్న భాగాన్ని ‘ఎ’ అనుకుందాం. అది మొత్తంలో మూడుసార్లు వస్తుంది. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఎఫ్ మేజర్‌లో ‘బి’ భాగం, రెండోసారికీ మూడోసారికీ మధ్య ఎడమ చేతిలో ఒకే నోటు మోగుతూ ఉండే ‘సి’ భాగం. రాసినవి 103 బార్లు (నిలువు గీతల మధ్య ఉండే తాళం గళ్లు), రిపీట్లతో కలిపి సుమారు 125. అంటే ‘ఎ’ భాగం వచ్చినవాళ్లకి వాయించే సమయంలో సగానికి పైగా వచ్చేసినట్టే లెక్క. కష్టంలో మాత్రం పావు వంతు కూడా రానట్టు. అందుకే ఇది చాలామందిని మోసం చేస్తుంది. మొదటి తొమ్మిది నోట్లూ పిల్లలు కూడా వాయించేస్తారు, పూర్తి రచన మాత్రం పియానో పరీక్షల లెక్కలో అయిదో గ్రేడు చుట్టుపక్కల ఉంటుంది.

మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని దెబ్బలని తాళం కొట్టే సాధనం) పెట్టి ఒక్క లెక్క వేసుకోండి, ఎందుకు ఆగిపోయారో మీకే తెలుస్తుంది. తాళం 3/8, బార్‌కి మూడు క్వేవర్లు, ఒక్కో క్వేవర్ ఒక దెబ్బ. ‘ఎ’ భాగంలో క్వేవర్‌కి రెండు నోట్లే. అందుకని మెట్రోనోమ్ 150 దగ్గర పెట్టినా హాయిగా సాగుతుంది. ‘బి’ భాగంలో డెమీసెమీక్వేవర్లు వస్తాయి, అంటే క్వేవర్‌కి నాలుగు. 150 దగ్గర అవి నిమిషానికి 600, సెకనుకి పది నోట్లు. ఆ వేగం మీ దగ్గర ఇంకా లేదు. అక్కడికి రాగానే చెయ్యి బిగుసుకుంటుంది, తప్పు పడుతుంది, మళ్లీ మొదటికి పోయి తెలిసిన పేజీనే వాయిస్తారు. ఇలా ఆరు నెలలు గడిచిపోతాయి. ఈ రచన వేగాన్ని ‘బి’ భాగంలోని ఆ నాలుగైదు బార్లే నిర్ణయిస్తాయి, మొదటి పేజీ కాదు. క్వేవర్‌కి 100 పెట్టుకుంటే అక్కడ సెకనుకి ఏడు నోట్ల లోపే పడతాయి, అది మీ స్థాయికి అందుతుంది. 100 దగ్గర మొత్తం మూడు నిమిషాల ముప్పావు పడుతుంది. ఏం తక్కువ కాదు, బీతోవెన్ పైన రాసింది కూడా ‘పోకో మోటో’, అంటే కొద్దిపాటి కదలికతో అని. పరుగెత్తమని ఆయన ఎక్కడా అనలేదు.

ముందు కీబోర్డు సంగతి. 61 కీల కీబోర్డు సి2 నుంచి సి7 దాకా ఉంటుంది (కొటేషన్ గుర్తులు లేని ఎ, బి, సి లు నోట్ల పేర్లు, పక్కన అంకె ఎన్నో అష్టకమో, అంటే ఆక్టేవో చెబుతుంది). ఈ రచన కింద ఎ1 దాకా, పైన ఇ7 దాకా పోతుంది. అంటే పైన డి, ఇ రెండూ, కింద ఎ ఒక్కటీ మీకు అందవు. మిగతాదంతా అందుతుంది. కింది ఎ బదులు ఒక అష్టకం పైన ఎ వేసేయండి, పెద్ద నష్టం లేదు. పైవాటికి ఉపాయం ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను. కాబట్టి 88 కీలు కొనేదాకా ఆగక్కర్లేదు. 76 కీలదైతే ఏ ఇబ్బందీ లేకుండా సరిపోతుంది.

చర్చిలో వాయించేవాళ్ల కీబోర్డుకి కొన్ని అలవాట్లు అంటుకుని ఉంటాయి. కూర్చోగానే చూసుకోవలసినవి: ట్రాన్స్‌పోజ్ సున్నాలో ఉందా (ఆదివారం పాస్టర్ గారి శ్రుతికి +2 పెట్టి అలాగే వదిలేస్తే, చూసేది ఎ, వినేది బి అవుతుంది, చెవి పాడవుతుంది), స్టైల్ (దానంతట అదే మోగే తాళం), స్ప్లిట్ (ఎడమ, కుడి వైపులకి వేరే సౌండ్లు), డ్యూయల్ (రెండు సౌండ్లు కలిపి) అన్నీ ఆపేశారా, టచ్ రెస్పాన్స్ (నొక్కే బలాన్ని బట్టి సౌండ్ మారడం) ఆన్‌లో ఉందా. ఈ రచన పీపీ గుర్తుతో, అంటే చాలా మెల్లగా మొదలవుతుంది. టచ్ లేని కీబోర్డు మీద ఆ మెత్తదనం నేర్చుకోలేరు. అలాంటిదైతే నోట్లు మాత్రం నేర్చుకుని, వారానికి ఒకసారైనా టచ్ ఉన్నదాని మీద కూర్చోండి.

మన డెల్టా గాలికి ఇంకో తంటా ఉంది. ఒక్కో కీ మెల్లగా నొక్కినా దభాలున మోగుతుంది, లేదా రెండోసారి నొక్కితే పలకదు. అది వేలి తప్పు కాకపోవచ్చు. కీ కింద రబ్బరు కాంటాక్టుల్లో తేమ, దుమ్ము చేరితే వేగం కొలిచే లెక్క తప్పుతుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. వేరే వేలితో, వేరే బలంతో అదే కీ నొక్కి చూడండి, అప్పుడూ అలాగే మోగితే మెకానిక్‌కి చూపించి కాంటాక్టులు తుడిపించుకోవాలి. వాయించడం అయ్యాక గుడ్డ కప్పి, వానాకాలంలో కవర్ లోపల సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి ఉంచితే ఈ జబ్బు తగ్గుతుంది.

సస్టెయిన్ పెడల్ (కీ వదిలాక కూడా నోటు సాగేలా కాలితో తొక్కేది) లేకపోతే ఒకటి కొనండి. పెట్టెలాంటి చిన్నది వద్దు, కాలి కింద జారిపోతుంది. పియానో పెడల్ ఆకారంలో, కింద రబ్బరు ఉన్నది తీసుకోండి. తొక్కకపోతే సౌండ్ సాగి, తొక్కితే ఆగితే కంగారు పడొద్దు. కొన్ని పెడళ్లకి అడుగున పొలారిటీ స్విచ్ ఉంటుంది, దాన్ని మార్చండి. స్విచ్ లేకపోతే, కీబోర్డు ఆపి, పెడల్ మీద కాలు లేకుండా మళ్లీ ఆన్ చేయండి, చాలా కీబోర్డులు అప్పుడు సరిచేసుకుంటాయి. కూర్చునే ఎత్తు కూడా ముఖ్యమే. చర్చిలో నిలబడి వాయించిన అలవాటుతో ఇంట్లో మంచం మీద బాసింపట్టు వేసుకుని ఇది వాయిస్తే మణికట్టు విరిగినట్టు వంగుతుంది. మోచెయ్యి కీల ఎత్తుకి సమంగా రావాలి. కుర్చీ చాలకపోతే మడిచిన బొంత ఒకటి వేసుకోండి.

ఇప్పుడు మొదటి పేజీ. దీన్ని విప్పాలని ఎందుకన్నానంటే, సొంతంగా నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది దీని తాళాన్నే తప్పు పడతారు. రెండో బార్ చూడండి. ఎడమ చెయ్యి ఎ, ఇ, ఎ అని మూడు నోట్లు వేస్తుంది, తరువాత కుడి చెయ్యి సి, ఇ, ఎ అని మూడు. మూడూ మూడూ ఆరు కనబడేసరికి మనసు ‘తకిట తకిట’ అని లెక్క పెట్టేస్తుంది. 3/8 అంటే అది కాదు. ‘తక తక తక’. అంటే రెండో దెబ్బ ఎడమ చేతి మూడో నోటు మీద పడాలి, మూడో దెబ్బ కుడి చేతి ఇ మీద పడాలి. చేతులు మారే చోట దెబ్బ లేదు! దెబ్బ వేసుకుంటూ నోటితో ‘తక తక తక’ అనండి, నోట్లు వేళ్లతో బల్ల మీద తట్టండి. పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది. మూడు మూడుగా వాయిస్తే వచ్చే ఊయల ఊపు పోయి, నీళ్ల మీద పడవలా ముందుకి సాగే నడక వస్తుంది.

ఈ లెక్కే చివరిదాకా కాపాడుతుంది. క్వేవర్ దెబ్బ మారదు. ‘ఎ’ భాగంలో దెబ్బకి ‘తక’, ‘బి’ భాగం పరుగుల్లో దెబ్బకి ‘తకధిమి’, ‘సి’ భాగం చివర ఆర్పెజియోలో (కార్డ్ నోట్లు ఒకదాని తరువాత ఒకటి వేసేది) దెబ్బకి ‘తకిట’. రోజూ కూర్చోగానే కీబోర్డు ముట్టుకోకుండా, మెట్రోనోమ్ 60లో పెట్టి, నాలుగు దెబ్బలు తక, నాలుగు తకిట, నాలుగు తకధిమి, మళ్లీ తక. ఐదు నిమిషాలు చాలు. మృదంగం నేర్చుకునే పిల్లలు చేసేదే ఇది, పియానోకి అచ్చంగా పనికొస్తుంది.

సంగీతం స్వరాల్లో నేర్చుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే మొదటి నోట్లు వాళ్లకి ఇలా చెప్పొచ్చు: ఎ ని సా అనుకుంటే ప మ ప మ ప రి మ గ స. మొదటి రెండు మధ్యమాలూ ప్రతి, మూడోది శుద్ధ. మొదటిసారి వినేవాళ్లకి ఆ ‘పమపమ’ దగ్గర ఎటు పోతోందో తెలియదు, శుద్ధ మధ్యమం పడ్డాకే ఊరు తెలుస్తుంది. ఇ మేజర్ కార్డ్‌లోని జి షార్ప్ కాకలి నిషాదం, అక్కడ కీరవాణి ఛాయ వస్తుంది. తప్పు నోటు పడితే చెవి పట్టుకోవడానికి ఇది ఉపయోగం, అంతకు మించి రాగంలా సాగదీయకండి.

వేళ్లు (1 బొటనవేలు, 5 చిటికెన వేలు): కుడి చేతికి మొదటి తొమ్మిది నోట్లకీ 5-4-5-4-5-2-4-3-1. తరువాత సి-ఇ-ఎ కి 1-2-4, బి మీద 5. ఎడమ చేతికి అన్ని విరిచిన కార్డ్‌లకీ 5-2-1. మీకు తెలిసినవే ఇవన్నీ: ఎ మైనర్, ఇ మేజర్, ఎ మైనర్, రిపీట్ తరువాత సి, జి, ఎ మైనర్, ఇ. కార్డ్స్ వచ్చినవాళ్లకి ఎడమ చెయ్యి కంఠస్థం కావడానికి ఒక పూట చాలు, అది మీ లాభం. నష్టం కూడా అక్కడే ఉంది. కార్డ్‌ని ఒక్కసారే అదిమి పట్టే అలవాటు వల్ల, ఇ-ఇ-జి షార్ప్ దగ్గర చెయ్యంతా చాచి మూడు కీలనీ ఒకేసారి కప్పాలని చూస్తారు. అవసరం లేదు. చిటికెన వేలు కింది ఇ వేసి వదిలేసి చెయ్యి పక్కకి జరగాలి, ఆ ఇ ని పెడల్ పట్టుకుంటుంది.

పెడల్ ఎప్పుడు? మొదటి బార్‌లో, అంటే ఇ, డి షార్ప్ ఊగే చోట అసలు వద్దు. పక్కపక్క నోట్లు కలిసి మోగితే రొద. రెండో బార్ మొదటి దెబ్బ మోగాక తొక్కండి, కొత్త బేస్ నోటు వేసే క్షణంలో ఎత్తి వెంటనే మళ్లీ తొక్కండి. భీమవరం వైపు చేపల చెరువుల్లో పాత నీరు వదిలి కొత్త నీరు పెట్టినట్టు: పాతది పోకుండా కొత్తది పెడితే చెరువు చెడుతుంది. నోటుతో పాటే తొక్కేవాళ్లకి పాత కార్డ్ కొత్తదాంతో కలిసిపోతుంది. చెవి విన్నాకే కాలు కదలాలి. ‘ఇ, డి షార్ప్’ తిరిగి వచ్చిన ప్రతిసారీ పెడల్ పూర్తిగా పైకి.

‘ఎ’ భాగంలో లెక్క తప్పే చోటు ఇంకొకటి ఉంది. ఒక్క ఇ స్వరమే ఎడమ చేతి నుంచి కుడి చేతికి, అష్టకం అష్టకం పైకి ఎగిరి, తరువాత డి షార్ప్, ఇ జంటలుగా తిరుగుతూ మళ్లీ మొదటి పాటలోకి దిగుతుంది. ఎన్ని జంటలు వేశారో మరిచిపోయి, గాలికి ఒకటి ఎక్కువో తక్కువో వేసేస్తారు. పుస్తకంలో బార్ గీతల దగ్గర పెన్సిల్‌తో నిలువు గీత లావుగా గీసి, ప్రతి బార్ మొదటి నోటుకి చుక్క పెట్టండి. ఆ చుక్క పడిన నోటు దగ్గర నోటితో ‘ఒకటి’ అనండి. అది చేతికి ఎక్కేదాకా కంఠస్థంగా వాయించకండి, చూసే వాయించండి.

పుస్తకం అన్నాను కాబట్టి ఒక మాట. పైనుంచి రంగు గడ్డలు రాలే వీడియోలు చూసి నేర్చుకుంటే ఏ వేలు, ఏ తాళం, ఎక్కడ పెడల్ అన్నవి ఏవీ తెలియవు. కాపీరైట్ లేని పాత ముద్రణలు ఐఎంఎస్‌ఎల్‌పి సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, జిరాక్స్ తీయించుకోండి. ‘సులభంగా’ అని పేరు పెట్టి అమ్మే వాటిలో చాలా వరకు ‘ఎ’ భాగమే ఉంటుంది. ఎడిషన్లలో తేడా కనబడితే బెంగ వద్దు. ఏడో బార్‌లో ఎ మీదికి దిగే ముందు కుడి చేతి మూడు నోట్లు కొన్నిట్లో ఇ-సి-బి, కొన్నిట్లో డి-సి-బి. బీతోవెన్ 1827లో పోయారు, ఇది అచ్చయింది 1867లో, సంగీత పండితుడు లుడ్విగ్ నోల్ చేతుల మీదుగా. నోల్ చూసిన రాతప్రతి తరువాత కనబడలేదు. ఆయన ముద్రణలో మొదటిసారి ఇ, తరువాతి సార్లు డి ఉన్నాయి. బీతోవెన్ చిత్తుప్రతిలో అంతటా డి. నేనైతే అన్నిసార్లూ డి అంటాను. ఏదో ఒకటి తేల్చుకుని మార్చకుండా ఉండటమే కావలసింది. ఎలీస్ ఎవరన్నది నేటికీ తేలలేదు, దాని గురించి వెతుకుతూ సాధన సమయం పోగొట్టుకోకండి.

ఇక ‘బి’ భాగం. మొదలు మెత్తగానే ఉంటుంది, ఎడమ చెయ్యి ఎఫ్-ఎ-సి-ఎ-సి-ఎ అని ఊగుతుంది. ఇక్కడ ఎడమ చెయ్యి కుడిదాన్ని ముంచేస్తుంది, కీబోర్డు వాయించేవాళ్లకి ఇది మామూలు జబ్బు. ఎడమ బొటనవేలు కొట్టే పై నోటే గట్టిగా వినబడుతుంటే, ఆ వేలుని కీ మీద నుంచి ఎత్తకుండా కీతోపాటే పైకి రానివ్వండి.

తరువాత వచ్చేవే ఆ గడ్డు బార్లు. కుడి చెయ్యి నోట్లు ఇవి: సి-జి, జి-జి, ఎ-జి, బి-జి, సి-జి, డి-జి, ఆ పైన ఇ-జి, సి-బి, ఎ-జి, ఎఫ్-ఇ, డి-జి, ఎఫ్-డి. పన్నెండు జంటలు, రెండు బార్లు. మొదటి బార్‌లో జాగ్రత్తగా చూస్తే ప్రతి జంటలో పైది ఒకే జి. కదిలేది కిందిదే. మెట్టు మెట్టుగా జి, ఎ, బి, సి, డి, ఇ అని ఎక్కుతోంది. పాట అది. పై జి కేవలం తోడు. కొత్తవాళ్లు చిటికెన వేలితో ఆ జి ని ప్రతిసారీ గుద్దుతారు, రెండో బార్‌కి చెయ్యి నొప్పెడుతుంది.

ఇలా చేయండి. మొదటి రోజు కింది నోట్లు మాత్రమే, బొటనవేలితో, నెమ్మదిగా, పాటలా. రెండో రోజు జంటల్ని కార్డ్‌లుగా, రెండు నోట్లూ ఒకేసారి: జి-జి, ఎ-జి, బి-జి, సి-జి, డి-జి. ప్రతి కార్డ్ తరువాత చెయ్యి ఎత్తి ఒడిలో పెట్టుకుని మళ్లీ వెతుక్కుని వేయండి. మూడో రోజు వాటిని విడదీయండి, కాని వేళ్లతో కాదు, ముంజేయి తిప్పి. తాళంచెవి అటూ ఇటూ తిప్పినట్టు. బొటనవేలి వైపు కొంచెం బరువు, చిటికెన వేలి వైపు బరువు లేకుండా. మెట్రోనోమ్ క్వేవర్‌కి 40. ఒక్క దెబ్బకి నాలుగు నోట్లు అన్నది మరవద్దు. తప్పు లేకుండా వరసగా మూడుసార్లు వస్తే 4 పెంచండి, ఒకసారి తప్పితే 8 తగ్గించండి. రోజుకి రెండు మెట్లకన్నా ఎక్కద్దు. ఇవాళ 72 వచ్చిందని 90కి దూకితే రేపు 60 దగ్గర కూడా రాదు, చెయ్యి బిగిసిన జ్ఞాపకమే మిగులుతుంది.

జి నుంచి జి అష్టకం అందని చిన్న చేతులు మొదటి జంటలో కింది జి వేసి వదిలేసి చిటికెన వేలికి వెళ్లొచ్చు, రెండూ పట్టి ఉంచమని ఎక్కడా లేదు. రెండో బార్‌లో సి నుంచి దిగేది మామూలు సి మేజర్ స్కేలే. స్కేల్ వచ్చినవాళ్లకి అది బహుమతి. రాకపోతే సి మేజర్ స్కేల్‌ని రెండు అష్టకాలు వారం రోజులు విడిగా సాధన చేసి రండి, అదే తక్కువ ఖర్చు.

‘సి’ భాగంలో ఎడమ చెయ్యి ఒకే ఎ ని బార్‌కి ఆరుసార్లు మోగిస్తుంది. దీనికి పుస్తకాల్లో 3-2-1-3-2-1 వేళ్లు కూడా ఉంటాయి. వద్దంటాను, మళ్లీ ‘తకిట తకిట’ లోకి లాగేస్తుంది. 2-1-2-1-2-1 పెట్టండి, ‘తక తక తక’ నిలుస్తుంది. తక్కువ రకం కీబోర్డుల్లో కీ పూర్తిగా పైకి రాకపోతే రెండోసారి పలకదు. నోట్లు మింగేస్తోందని అనిపిస్తే నొక్కడం కాదు, వదలడం నేర్చుకోవాలి: వేలు కీ మీద నుంచి కొంచెం తన వైపు లాక్కున్నట్టు తీయండి. ముంజేయి మండితే ఆపేయండి. మంట వచ్చిందంటే మణికట్టు బిగుసుకుందని అర్థం.

కుడి చేతిలో పెద్ద కార్డ్‌లు, మొదటిది ఎడమ చేతి ఎ మీద ఇ-జి-బి ఫ్లాట్-సి షార్ప్. డిమినిష్డ్ సెవెంత్ అని మీకు తెలిసే ఉంటుంది, పాటల్లో ఒక కార్డ్ నుంచి ఇంకోదానికి దాటడానికి వాడుతుంటారు. అది డి మైనర్‌లోకి విప్పుకుంటుంది. ఇక్కడ ఉరుము ఉండాలని అందరూ గుద్దేస్తారు. కార్డ్‌లో పై నోటు మాత్రం వినబడాలి, మిగతావి దాని కింద నీడలా ఉండాలి. కార్డ్ నాలుగు వేళ్లతో పట్టి, చిటికెన వేలి వైపుకి చెయ్యి వాల్చి చూడండి. చేతులు కలిపేటప్పుడు మొదట ఎడమ ఎ ని దెబ్బకి ఒకటే వేయండి, కుడి చేతి కార్డ్‌లు కుదిరాక దెబ్బకి రెండు చేయండి.

దాని చివర ఎ మైనర్ ఆర్పెజియో. ఎ-సి-ఇ, ఎ-సి-ఇ, డి-సి-బి, ఇలా మూడేసి నోట్లు మూడు గుంపులు ఒక్కో బార్‌కి, మూడు బార్లు, ప్రతి బార్ ఒక అష్టకం పైకి. ఇక్కడే ‘తకిట’. మూడో బార్‌లో ఇ7, డి7 మీకు లేవన్నాను కదా. ఆ బార్‌ని ఇలా మార్చుకోండి: ఎ-సి-ఇ, ఎ-సి-ఎ, బి-సి-బి. ఇ బదులు ఎ, డి బదులు బి. మిగతావి ఉన్నవి ఉన్నట్టే. వరస తెగకుండా అక్కడే చుట్టు తిరిగి దిగుతుంది, వినేవాళ్లకి పెద్దగా తెలియదు. నిజం పియానో దొరికిన రోజు అసలుది వాయించుకోండి. పెడల్ ప్రతి బార్ మొదట్లో మార్చండి. చవక కీబోర్డుల్లో ఒకేసారి మోగే నోట్ల సంఖ్య 32కే పరిమితం కావచ్చు, మూడు బార్లూ ఒకే పెడల్ తొక్కి ఉంచితే మొదటి నోట్లు తెగిపోవచ్చు.

ఆ వెంటనే బి ఫ్లాట్ నుంచి క్రోమాటిక్‌గా కిందికి, నల్లదీ తెల్లదీ ఏదీ వదలకుండా, రెండు బార్లలో 18 నోట్లు. పద్దెనిమిదోది ఎఫ్. దాని తరువాతది ఇ, ఆ తరువాత డి షార్ప్. అంటే మెట్లు దిగుతూ దిగుతూ మొదటి పాట గుమ్మంలోకే వచ్చేశారన్నమాట. అందుకే ఇ దగ్గర ఆగి ఊపిరి తీసి మొదలుపెట్టకూడదు, దిగిన ఊపులోనే ‘తకిట’ నుంచి ‘తక’ కి మారిపోవాలి. వేళ్ల నియమం చిన్నది: నల్ల కీ మీద 3, తెల్ల కీ మీద 1, ఎఫ్ మీదా సి మీదా మాత్రం 2. ముందు దీన్ని పెడల్ లేకుండా, మూడేసి నోట్లకి ఒకసారి ఆగుతూ చేయండి. పెడల్ తొక్కి క్రోమాటిక్ వాయిస్తే గచ్చు మీద చెంచాల డబ్బా పడ్డట్టు ఉంటుంది.

రోజు ముప్పావుగంటని ఇలా విడదీయండి: తక-తకిట-తకధిమి ఐదు నిమిషాలు, ‘బి’ పదిహేను, ‘సి’ పదిహేను, అతుకులు ఐదు, ‘ఎ’ చివర ఐదు, అదీ 80 దాటకుండా. అతుకులంటే భాగం మారే చోట ముందు రెండు బార్లు, వెనక రెండు బార్లు. విడివిడిగా వచ్చినవాళ్లు కలపగానే తడబడేది అక్కడే, విడిగా ఎవరూ సాధన చేయరు కాబట్టి. మొదటి నెల మొదటి నుంచి చివరికి వాయించే ప్రయత్నమే వద్దు. రెండో నెల చివరికి ‘బి’ 80 దగ్గర, ‘సి’ 90 దగ్గర ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. మూడో నెలలో మొత్తం కలిపి 80, ఆ తరువాత వారానికి 4 చొప్పున 100కి.

వారానికి ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి, మెట్రోనోమ్ యాప్ పక్కన పెట్టి వినండి. మొదటి బార్‌కి దెబ్బ కలిపి పెట్టండి. ‘బి’ పరుగుల దగ్గర మీరు దెబ్బకన్నా వెనకపడితే వేగం ఎక్కువ పెట్టుకున్నారని, ‘ఇ, డి షార్ప్’ తిరిగి వచ్చినప్పుడు దెబ్బని దాటిపోతే పాత అలవాటు ఇంకా వదల్లేదని తెలిసిపోతుంది. రెండోదే ఎక్కువసార్లు కనబడుతుంది. అప్పుడు ఆ వారం ‘ఎ’ భాగాన్ని 60 దగ్గర, పెడల్ లేకుండా, పీపీలో మాత్రమే వాయించండి.